ఐదిళ్ల నీళ్లు

కుళాయి తిప్పితే ముందు దగ్గింది, తర్వాత గాలి ఊదింది. శుక్రవారానికల్లా నీళ్లు వస్తాయన్నారు. శుక్రవారం వచ్చింది, నీళ్లు రాలేదు. శనివారం తెల్లారినప్పటి నుంచి నా ఫోను ఒక్క క్షణం నోరు మూసుకోలేదు. తమిళంలో ఒకరు, మలాయిలో ఒకరు, మా తెలుగులో ఇంకొకరు, అందరిదీ ఒకటే ప్రశ్న: లారీ ఎప్పుడొస్తుంది? ఆ నీళ్ల లారీ నా సొంతమైనట్టు, నేనే దాన్ని పెరట్లో దాచిపెట్టినట్టు అడుగుతారు. మర్నాడు పొద్దున్న మా చెల్లెలి కూతురి పెళ్లి. ఆ సంగతి కూడా వాళ్లందరికీ తెలుసు, శుభలేఖలు ఇంటింటికీ తిరిగి పంచింది నేనే.

మాది మలేషియాలో కువాలా సెలంగోర్ దాటి లోపలికొచ్చే రోడ్డు మీద ఒక తామాన్. ఒకే మూసలో పోసినట్టుండే వరసిళ్ల కాలనీని ఇక్కడ అలా అంటారు. బటాంగ్ బెర్జుంటై వైపు మా రబ్బరు ఎస్టేటు మూతబడ్డాక మావాళ్లు సగం మంది ఇక్కడికే వచ్చిపడ్డారు. అందులో నాలుగు వీధులకి నేను పార్టీ ప్రతినిధిని. ప్రతినిధి అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది గాని పని చూస్తే నవ్వొస్తుంది. వీధి దీపం వెలగకపోతే నేను, కాలవ పొంగితే నేను, కుక్కలు చెత్తడబ్బాలు ఈడ్చేస్తే నేను. ఎవరైనా పోతే పార్టీ ఆఫీసుకి ఫోన్ చేసి టెంటూ కుర్చీలూ తెప్పించేది కూడా నేనే. జీతం లేదు. ఎన్నికలప్పుడు జెండాలు కట్టడానికి నిచ్చెన కూడా నాదే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అసలు పార్టీలోకి తెచ్చింది ఆ కోపమే. కొన్నేళ్ల కింద మా వెనక కాలవ పూడిపోయి మురుగు వంటింట్లోకి వస్తే, నేను నేరుగా పార్టీ ఆఫీసుకెళ్లి బల్ల గుద్ది అరిచాను. అక్కడున్న పెద్దమనిషి అంతా విని, ఒక టీ తెప్పించి, ఇంత గొంతున్న మనిషి మాకు కావాలి అన్నాడు. ఇంటికొచ్చేసరికి చేతిలో పార్టీ చొక్కా ఉంది. అరిచినవాడికే పని అంటగట్టడం వాళ్ల పద్ధతని తర్వాత తెలిసింది. కాలవ మాత్రం తవ్వించారు. ఆ కాలవ చూసుకునే నేను ఉండిపోయాను.

లారీ గురించి ఒక నియమం ఉంది. అది పెట్టింది కూడా నా కోపమే. ఇంతకుముందు ఒకసారి నీళ్లు ఆగినప్పుడు లారీ వీధి మొదట్లో ఆగింది, చివరికెళ్లేసరికి ఖాళీ అయిపోయింది. మా చెల్లెలిల్లు మొదటిది. చివరి ఇళ్లవాళ్లు బాల్చీలు పట్టుకొచ్చి, చెల్లెలికి పట్టించుకున్నావు, మేము నీకు కనపడలేదా అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇకమీదట లారీ చివరింటి నుంచే మొదలవుతుంది, నా చెల్లెలికి ఆఖరున, ఉంటే ఉన్నాయి లేకపోతే లేదు, అని వీధి మధ్యలో నిలబడి అందరి ముందూ చెప్పాను. చెల్లెలు గేటు దగ్గర నిలబడి వింది. ఆ రోజు దానికి గర్వంగానే ఉండింది, వచ్చినవాళ్లందరికీ మా అన్నియ్య అలాంటోడని చెప్పుకుంది.

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం అదే గేటు దగ్గర నన్ను ఆపింది. ఇంటి ముందు పందిరి వేశారు. సుంగై సుమున్ నుంచి చుట్టాలు ముందురోజే దిగి, ఉన్న నీళ్లన్నీ వాడేశారు.

"అన్నియ్యా, ఈ ఒక్కపాలి మా గేటు కాడినుంచి మొదలెట్టించు. ట్యాంకులో సుక్క లేదు."

"అందరూ సూత్తన్నారే. ఆ మాట నానే కదా సెప్పినాను."

"సెప్పినప్పుడు పెల్లి లేదు గదా."

నేను వీధి వైపు తిరిగాను. అప్పటికే వీధి పొడుగునా జనం బాల్చీలు, డ్రమ్ములు, పిల్లల స్నానపు తొట్లు బయట పెట్టుకుని నావైపే చూస్తున్నారు. ఒక్క మాటంటే చాలు, లారీ అక్కడే ఆగేది. డ్రైవరుకి ఎక్కడైనా ఒకటే. లారీ సాయంత్రానికి వచ్చింది. నేను దాని ముందు నడిచి, చెల్లెలి గేటు దాటించి, చివరికంటా తీసుకెళ్లాను. నా వెనక అది చూస్తూనే ఉందని తెలుసు, తిరిగి చూడలేదు.

లారీ ఒక్కో ఇల్లూ దాటి వస్తుంటే నా లెక్క ప్రకారం చెల్లెలి దాకా రావాలి. కొందరు బయట పెట్టిన డ్రమ్ము నింపుకుని లోపల్నుంచి ఇంకో డ్రమ్ము తెచ్చారు. వద్దనాలనుకున్నాను, అనలేకపోయాను. మొదటి ఇళ్లకి ఇంకా కొంచెం దూరం ఉండగానే డ్రైవరు గొట్టం చుట్టేసి 'హబిస్' అన్నాడు, అయిపోయాయని. నేను వాడిమీద అరిచాను. వాడు నన్ను జాలిగా చూసి లారీ ఎక్కేశాడు. చెల్లెలి ఇంటికి రాలేదు, దాని ఎదురింటికీ రాలేదు. చెల్లెలు 'సర్లే' అని గేటు మూసేసింది. తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది.

వంటకి ఇబ్బంది లేదు, భోజనాలు గుడి హాల్లోనే. చుట్టాలు పక్క ఊరి బంధువుల ఇళ్లకెళ్లి స్నానాలు చేసొస్తారు. చిక్కంతా పెళ్లికూతురి నలుగు స్నానం దగ్గరే వచ్చింది. మా ఎస్టేటువాళ్లలో ఒక పద్ధతి ఉంది. పెళ్లికూతురికి ఐదిళ్ల నీళ్లు పోయాలి. ఎస్టేటు లైన్లలో ఇళ్ల వరస మొత్తానికి ఒకటే కుళాయి ఉండేది, ఎవరి డ్రమ్ములో పట్టుకున్న నీళ్లు వాళ్లకి. అందులోంచి ఐదిళ్లవాళ్లు తలా చెంబు పోస్తే ఆ పిల్ల ఆ లైన్ బిడ్డ అని లెక్క. తామాన్‌కి వచ్చాక ఇంటింటా కుళాయిలైపోయి, మావాళ్లు తెలివిమీరారు. ఐదుగురు ఆడవాళ్లు పెళ్లివారి కుళాయిలోనే చెంబులు నింపుకుని, గేటు బయటికి ఒక అడుగు వేసి, మళ్లీ లోపలికొచ్చేవారు. ఐదిళ్ల నీళ్లు అయిపోయినట్టే. ఏళ్ల తరబడి అలాగే జరిగింది, ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఇప్పుడు ఆ కుళాయి లేదు.

నా భార్య సాయంత్రమంతా ఆ ఇంట్లోనే ఉండి, వచ్చి చెల్లెలి మాట అప్పజెప్పింది. ఈసారి నీళ్లు పోయాల్సిన ఐదుగురు ఆడవాళ్లూ సుంగై సుమున్ వాళ్లు, ఇక్కడ ఎవరి గడపా ఎరగరు. "అన్నియ్యే నీల్లు లేకుండా సేసినాడు, అన్నియ్యే తెమ్మను" అందట. ఇంకొకటి కూడా చెప్పమందట. ఆ ఐదిళ్లలో ఎదురింటి మామ్మ ఇల్లు ఉండి తీరాలి. చెల్లెలి పెళ్లప్పుడు ఎస్టేటులో నీళ్లు పోసినవాళ్లలో బతికున్నది ఆ మామ్మ ఒక్కతే.

ఆ ఇల్లొక్కటే నేను తొక్కలేని గడప. మామ్మది కిరస్తానీ కుటుంబం, మా ఎస్టేటే. పేచీ మామ్మతో కాదు, కొడుకుతో. అతను అవతలి పార్టీ ప్రతినిధి. పోయిన ఎన్నికల్లో వాళ్ల జెండాలు రాత్రికి రాత్రి ఊడిపోయాయి. నేను ఊడదీయలేదు. అతను మాత్రం నా నిచ్చెన వైపు చూశాడు. నేనన్నదానికి అతనన్నాడు, అతనన్నదానికి నేనన్నాను. అప్పట్నుంచీ నేను ఆ గేటు దాటలేదు.

తెల్లవారుజామున లేచేసరికి వేసుకోవడానికి చొక్కా లేదు. ఉతకడానికి నీళ్లు లేక బట్టలన్నీ మూలన పోగుపడి ఉన్నాయి, పెళ్లికి కట్టుకునేవి పెట్టెలో ఇస్త్రీ మీద ఉన్నాయి. ఉన్నదొక్కటే, ప్లాస్టిక్ సంచి విప్పని కొత్త పార్టీ చొక్కా. అదే వేసుకున్నాను. చెల్లెలింట్లో ఇత్తడి బిందెకి అప్పటికే పసుపు పూసి దారం కట్టి పీట పక్కన పెట్టారు, కదపకూడదన్నారు. మా ఇంట్లో మూత ఉన్న బాల్చీ ఒక్కటే ఉంది, వరదలప్పుడు బియ్యం, నూనె నింపి పార్టీ పంచిన బాల్చీ. దాని మీద పార్టీ గుర్తు అరచేయంత ఉంటుంది. అది పట్టుకుని బయల్దేరాను.

వీధిలోకి వచ్చానో లేదో తలుపులు తెరుచుకోవడం మొదలైంది. ఇటు ఒకావిడ తొట్టి పట్టుకుని వచ్చింది, అటు ఒకతను రెండు సీసాలు పట్టుకుని వచ్చాడు. ఆ చొక్కాతో, ఆ బాల్చీతో నన్ను చూస్తే పార్టీ నీళ్లు పంచుతోందనే కదా అనుకుంటారు. ఇన్నేళ్లలో నేను ఇవ్వడానికి రావడమే చూశారు వాళ్లు, చేయి చాపి రావడం ఎవరూ చూడలేదు. లేవు లేవు, లారీ రాలేదు, అంటూ తలొంచుకుని నడిచాను. అడగడానికి వచ్చానని అనడానికి నాలుక మాత్రం తిరగలేదు.

మొదట చివరింటి తమిళాయన గేటు తట్టాను. రిటైరైన పెద్దాయన. నన్ను చూడగానే "తంబీ, లైటు ఎప్ప వరుం?" అన్నాడు. ఇంటి ముందు దీపం వెలగక నెలలైంది, ఎప్పుడొస్తుందని. దీపం గురించి అంతా విన్నాను, తలూపాను. కౌన్సిల్‌ని తిట్టాడు, పార్టీని తిట్టాడు, చివరికి వాళ్ల అల్లుణ్ణి కూడా తిట్టాడు. అవతల తెల్లారిపోతోంది, ముహూర్తం దగ్గరపడుతోంది, నా కాళ్లు నిలవడం లేదు. ఆఖరికి ఆయన ఊపిరి పీల్చుకునే సందులో, "అయ్యా, ఒక చెంబు నీళ్లు కావాలి, పిల్ల పెళ్లి" అనేశాను. ఆయన నన్ను కింద నుంచి పైకి చూశాడు. ఏమీ అడక్కుండా లోపలికెళ్లి ఇంత పెద్ద చెంబుతో తెచ్చి పోశాడు.

ఆ తర్వాత నోరు కొంచెం తెరిపిన పడింది. పక్కింటివాళ్లు పోశారు. తర్వాత మలాయి మాక్‌చిక్ ఇల్లు. మాక్‌చిక్ అంటే పిన్ని లాంటి పిలుపు, పండగొస్తే మా ఇంటికి కేకులు పంపే మనిషి. ఆవిడ నలుగు సంగతి అంతా చెప్పించుకుని వింది, కూతుర్ని లేపి ఫోను తెమ్మంది. బాల్చీ అంచు ఒకవైపు ఆవిడ, ఒకవైపు నేను పట్టుకుని ఉండగా కూతురు ఫోటో తీసింది. ఈ వీధిలో ఇలాంటిది చూడటం ఇదే మొదలు అని నవ్వారిద్దరూ. ఇంకో ఇల్లు అయింది. నాలుగు.

ఐదో ఇంటి ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. వాళ్లకి కూడా లారీ అందలేదు. లారీని ముందు నడిచి వాళ్ల గేటు దాటించింది నేనే. ఏ ముఖం పెట్టుకుని అడగాలి? వెనక్కి తిరగబోతుంటే తలుపు తెరుచుకుంది. కొడుకు గడప మీద నిలబడ్డాడు. ఒంటి మీద వాళ్ల పార్టీ చొక్కా.

అతను నా చొక్కా చూశాడు. నేను అతని చొక్కా చూశాను.

"ఏటన్నా, ఈ పొద్దేల పెచారమా?" అన్నాడు.

"ఉతికినవి లేవు."

అతను తన చొక్కా అంచు లాగి చూపించి, "నాకూ లేవు" అన్నాడు. నవ్వు ఆపుకోవాలని చూశాడు గాని ఆగలేదు. నాకూ ఆగలేదు. లోపల్నుంచి మామ్మ ఎవరని అడిగింది. ఎదురింటి పెళ్లికూతురి మేనమామ, ఐదిళ్ల నీళ్లకి వచ్చాడని అతనే చెప్పాడు. నేను చెప్పకుండానే అతనికి తెలుసు.

మామ్మ గోడ పట్టుకుని వచ్చింది. చేతిలో కూజా. కాచి చల్లార్చిన తాగేనీళ్లు, ఇంట్లో ఉన్నవి అవే.

"వద్దు మామ్మా, ఒక్క సుక్క సాలు. మీకు తాగడానికి ఉండొద్దా?"

"సుక్క పోత్తే నీల్లు పోసినట్టేనా? పట్టు." సగం కూజా వంచింది. కొంచెం తొణికి నా చొక్కా మీద పడింది. "దాని తల్లికీ నానే పోసినాను. అప్పుడు మా డ్రమ్ములో మట్టినీల్లు. ఇయ్యి మంచియి."

చెల్లెలు గేటు దగ్గర బాల్చీ అందుకుంది. నా ముఖం చూడలేదు. ఏ ఇల్లు ఏ ఇల్లని అడిగి, మామ్మ పేరెత్తగానే 'ఊఁ' అని లోపలికెళ్లిపోయింది. పిల్లకి స్నానం అయింది. సరిగ్గా టైముకి గుడికి చేరాం, తాళి కట్టారు. ఇంకేం, గండం గడిచిందనుకున్నాను.

భోజనాల దగ్గర ఫోను మళ్లీ మొదలెట్టింది. చూస్తే పార్టీ ఆఫీసు పెద్దమనిషి. గొంతులో పండగ. మాక్‌చిక్ కూతురు ఆ ఫోటోని మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టిందట, ఈయన అక్కణ్ణుంచి తీసి పార్టీ పేజీలో ఎక్కించాడట. నేను తెరిచి చూశాను. చొక్కా మీద గుర్తు, బాల్చీ మీద గుర్తు, పక్కన తల మీద గుడ్డ వేసుకుని నవ్వుతున్న మాక్‌చిక్. కింద మలాయిలో రాశారు: సొంత మేనకోడలి పెళ్లిరోజున కూడా ఇంటింటికీ నీళ్లు మోసి పంచిన మా ప్రతినిధి. వందలమంది మెచ్చుకుంటున్నారు, పైవాళ్లు కూడా చూశారు, వచ్చే మీటింగులో నిన్ను వేదిక మీద కూర్చోబెడతాం అన్నాడు పెద్దమనిషి. అబద్ధమని తెలిసీ, నిజం చెప్పాలంటే, ఒక క్షణం బాగానే అనిపించింది.

ఆ క్షణం అక్కడితో సరి. ఎదురుగా చెల్లెలు, చేతిలో దాని ఫోను. పొద్దున్నుంచి మొదటిసారి నా ముఖం చూసింది.

"ఇచ్చినోల్లు ఆల్లు. పేరు నీకా?"

"నాను రాయలేదే."

"సొక్కా నీదే గదా."

దాని వెనక బంతిలో మామ్మ, కొడుకు కూర్చుని ఉన్నారు. కొడుకు ఆ రాతని తెలుగులో తల్లికి వినిపిస్తున్నాడు. వెటకారం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడు, అదే నన్ను కోసేసింది. మామ్మ అరిసె ముక్క ఆకులో పెట్టేసి నావైపు తిరిగింది.

"మరి నాను పోసినయ్యేటి?" అంది.

నేను హాలు బయటికొచ్చి, మోటారుసైకిళ్ల మధ్య నిలబడి, వీధి గ్రూపులోనూ పార్టీ పేజీలోనూ ఒకటే మాట రాశాను. నేను ఎవరికీ నీళ్లు ఇవ్వలేదు. నేనే అడిగాను. ఐదిళ్లవాళ్లు వాళ్ల తాగేనీళ్లలోంచి నా మేనకోడలికి పోశారు. లారీ వీధి మొదటి ఇళ్లకి చేరనే లేదు. ఈ ఫోటో కింద రాసింది తప్పు. ఎన్నిసార్లు చెరిపి రాశానో.

వెంటనే ఫోను. తీసెయ్, అన్నాడు పెద్దమనిషి. లారీ చేరలేదని మనమే రాసుకుంటామా, అవతలివాళ్లు పండగ చేసుకుంటారు, నీకు బుద్ధుందా అన్నాడు. ఉందో లేదో గాని తీయను అన్నాను. అయితే ఆ చొక్కా ఇచ్చెయ్ అన్నాడు. ఉతకడానికి నీళ్లు రానీ, ఉతికి ఇస్తాను అన్నాను. ఆ మాట మాత్రం గట్టిగానే అరిచాను, హాలు లోపలికి వినపడింది.

లోపలికెళ్లి మామ్మ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాను. "మామ్మా, సరిసేసినాను, రాసేసినాను" అన్నాను. సదువు, అంది. మలాయిలో రాసినదాన్ని తెలుగులో చెప్పాను. శ్రద్ధగా వింది.

"ఐదిల్లు అంటే ఎవలిల్లు?"

"మన ఈదిలోయే మామ్మా."

"నా పేరేది?"

నేను ఫోను చూశాను. రాయలేదు. ఎవరి పేరూ రాయలేదు. రాద్దామని వేలు పెట్టి ఆగిపోయాను. ఆవిడ పేరు నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి, ఎస్టేటులోనూ మామ్మే, ఇక్కడా మామ్మే. ఎన్నికలప్పుడు ఓటర్ల జాబితాలో ఆ ఇంటి నంబరు పక్కన ఉన్న పేర్లన్నిటికీ కలిపి ఒకటే అడ్డగీత కొట్టేవాణ్ణి, ఈ ఓట్లు మనవి కావని. ఆ పేర్లలో ఆవిడది ఏదో చదవనైనా లేదు. వీధికంతటికీ ప్రతినిధినట నేను.

చెల్లెలి వైపు చూశాను. అది పాయసం గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. దానికి ఆ పేరు తెలుసు.

"నువ్వే అడుగు" అంది.

అడిగాను. మామ్మ కళ్లు చిట్లించి, నేను ఆటపట్టిస్తున్నానేమోనని కాసేపు చూసింది. తర్వాత పుట్టింటి పేరుతో, చర్చిలో పెట్టిన పేరుతో, మొగుడి పేరుతో సహా మొత్తం చెప్పింది. అన్నీ రాశాను. మిగతా నాలుగిళ్లవాళ్ల పేర్లు కూడా, తెలిసినవి రాసి, తెలియనివి కొడుకుని అడిగి రాశాను.

"సదువు" అంది.

చదివాను.

"మల్లీ సదువు."

మళ్లీ చదివాను.